ఇరవై మూడు సంచుల రక్షణ విధానం

ఈశ్వరయ్య తాతయ్య ముప్పై ఒక్క ఏళ్ల పాటు నార్త్ కరొలైనాలో వంతెనలను సుత్తితో కొట్టాడు. కూలగొట్టడానికి కాదు, వినడానికి. గట్టి కాంక్రీటు ఒక రకంగా మోగుతుంది, లోపల బోలు పడినది ఇంకో రకంగా మోగుతుంది. పొద్దున్నే రబ్బరు బూట్లు తొడుక్కుని వంతెన కింద బురదలోకి దిగడం, చెవి ఒగ్గి ఆ చప్పుళ్లు వినడం, సాయంత్రానికి రిపోర్టు రాయడం. ఇదీ ఆయన ఉద్యోగం. అలా నాలుగు వేల పైచిలుకు రిపోర్టులు రాశాడు. వాటిలో ఒక్కదాన్నైనా ఎవరైనా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివారా అన్నది ఆయనకు ఇప్పటికీ తెలియదు. పై ఆఫీసులో ఒకాయన ఆఖరి పేజీ తిప్పి సంతకం గీకేవాడు, అంతే.

అందుకే రిటైరయ్యాక తాతయ్యకు మిగిలిన కోరిక ఒకటే. నిర్ణయాలు తీసుకునే మనిషి ఎవరో ఒకరు, ఒక్కసారైనా, తన మాట చివరిదాకా వినాలి. ఇంట్లోవాళ్లు లెక్కలోకి రారు. వాళ్లు మొదటి నుంచీ వినరు.

ఆ అవకాశం 2008 వసంతంలో వచ్చింది. అప్పటికి ఆయనకు డెబ్బై ఒకటి. మోరిస్‌విల్‌లో కొడుకు కొన్న ఇంట్లో నానమ్మ లీలతో కలిసి కింది గదిలో ఉండేవాడు. కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవరాలు ఇషా హైస్కూలుకు వెళ్లాక ఇల్లంతా ఆయనదే. కానీ బుధవారాలు మాత్రం ఇంట్లో నిలిచేవాడు కాదు. సీనియర్ సెంటర్‌లో ప్రపంచ వ్యవహారాల క్లాసు ఉండేది. ఒక రిటైర్డ్ కర్నల్ నడిపేవాడు. పద్దెనిమిది మంది ముసలివాళ్లు కాఫీ తాగుతూ ప్రపంచాన్ని బాగుచేసి, పన్నెండింటికల్లా భోజనానికి ఇంటికి చేరేవారు.

ఆ ఏడాది కర్నల్ వాళ్లకు ఒక దేశాన్ని అప్పగించాడు. సెయింట్ ఒరెల్. పేరు చెప్పాక మ్యాపులో వేలు పెట్టి వెతుక్కోవాల్సిన దీవి. మూడు లక్షల ఎనభై వేల మంది జనం, ఆరు వందల మంది సైనికులు, రెండు గస్తీ పడవలు. ఆ రెండింటిలో ఒకటి ఎప్పుడూ రిపేరులో ఉంటుంది. వందేళ్లుగా ఆ దీవి మీదికి ఎవరూ దండెత్తి రాలేదు. అయినా ఆ ప్రభుత్వం తన రక్షణ విధానాన్ని మళ్లీ మొదటినుంచి ఆలోచించుకుంటోంది. పెద్ద యుద్ధనౌక కొనాలా, ఏదైనా పెద్ద దేశానికి స్థావరం కట్టుకోనివ్వాలా, లేక సైన్యాన్నే ఎత్తేసి పోలీసులతో సరిపెట్టుకోవాలా? జూన్ నెలాఖరు దాకా ఎవరైనా అభిప్రాయం పంపవచ్చని ప్రకటించింది.

ఆ దేశపు రక్షణ శాఖలో ప్రణాళికలు రాసే లొరేన్ పియెర్ అనే ఆవిడ ఆ ఏడాది దగ్గర్లోని యూనివర్సిటీలో చదువుకుంటోంది. కర్నల్ పిలిస్తే ఒక బుధవారం క్లాసుకు వచ్చి రెండే మాటలు చెప్పింది. "మా దగ్గరికి వచ్చే నిపుణులు వాళ్ల దేశం ఏది అమ్ముతుందో అదే మాకు సలహాగా చెబుతారు. అమ్మడానికి ఏమీ లేనివాళ్లు ఏమంటారో వినాలని ఉంది. మీలో ఒకరి పేపరు మే పద్నాలుగున వింటాను, నాతో తీసుకెళతాను."

అమ్మడానికి తన దగ్గర నిజంగానే ఏమీ లేదని తాతయ్యకు ఆ క్షణమే తెలిసిపోయింది.

మిగతావాళ్లు తలా ఒక పేజీ రాసి తెచ్చారు. తాతయ్య ముప్పై ఒక్క పేజీలు రాశాడు, బొమ్మలతో సహా. కర్నల్‌కు దాన్నే ఎంచుకోవడం తప్ప వేరే దారి లేకపోయింది. ఆ పేపరుకు 'తాబేలు విధానం' అని పేరు. దానికి జవాబు చెప్పే పని రామమోహనరావు గారికి పడింది. ఆయన మత్తు డాక్టరు. ముప్పై ఎనిమిదేళ్లు జనాన్ని నిద్రపుచ్చి, రిటైరయ్యాక ఎవరినీ కునుకు తీయనివ్వకుండా మాట్లాడతాడు. తాతయ్య కంటే మూడేళ్లు పెద్ద. రాలీలో తెలుగువాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టే రోజుల నుంచీ స్నేహం. క్లాసుకు తాతయ్య కారులోనే ఇద్దరూ కలిసి వెళ్లేవారు.

"అది కాదు ఈశ్వరయ్యా, ఆ డిప్పలో కూచుని నీ తాబేలు ఏం తింటుందయ్యా?" అన్నాడు డాక్టరు గారు ఒక రోజు కారులో.

"పన్నెండో పేజీ చదవండి డాక్టరు గారూ. నిల్వలు."

"ఆ పేజీ దాకా రావాలంటే నాకే మత్తు ఇచ్చుకోవాలి. నోటితో చెప్పు."

తాతయ్య చెప్పాడు. చిన్న దేశం ఏడాదికి సరిపడా అన్నీ నిల్వ చేసుకోవాలి. ఎంత నిల్వ ఉందో ఎవరికీ చెప్పకూడదు. పక్కవాణ్ణి నమ్ముకోకూడదు, ఎందుకంటే మనకు కష్టం వచ్చిన రోజున పక్కవాడికీ అదే కష్టం వస్తుంది. ఒడ్డున నాలుగు ఫిరంగులు, నీళ్లలో ఒక మంచి ఓడ, గిడ్డంగుల నిండా సరుకు. తల లోపలికి పెట్టుకుని కూచుంటే ఎవడేం చేస్తాడు?

"తిరగేసి పడుకోబెడతాడు," అన్నాడు డాక్టరు గారు.

తాతయ్యకు కోపం వచ్చింది కానీ అప్పుడే ఎడమ వైపు తిరగాల్సి రావడంతో కోపాన్ని వాయిదా వేసుకున్నాడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇండియా మామూలు బియ్యం ఎగుమతులు ఆపేసిందని వార్త వచ్చింది. మోరిస్‌విల్‌లో సునామీ వచ్చినా అంత కలకలం రేగేది కాదేమో. ఒకరికొకరు ఈమెయిళ్లు తోసుకున్నారు. సోనా మసూరి ఇక రాదట, వచ్చినా మూడింతల ధరట, ఫలానా షాపులో ఇంకా నలభై సంచులున్నాయట. వీధి చివర అమెరికన్ సూపర్ మార్కెట్లో ఇక్కడి పొలాల్లో పండిన బియ్యం అరల నిండా ఉంది. దాని వంక చూసిన తెలుగువాడు లేడు. బియ్యం అంటే సోనా మసూరి, తక్కినది ధాన్యజాతికి చెందిన ఏదో గింజ, అంతే.

తాతయ్య మాత్రం కంగారు పడలేదు. ఆయనకు విధానం ఉంది. తొమ్మిది రోజుల్లో కేరీ, రాలీ, డర్హమ్ అన్నీ తిరిగి ఇరవై పౌండ్ల సంచులు ఇరవై మూడు కొన్నాడు. కుటుంబానికి ఒకటే అని షాపుల్లో బోర్డు పెట్టాక, నానమ్మనీ ఇషానీ వేరే వేరే కుటుంబాల్లా వరసలో నిలబెట్టాడు.

"తాతా, షాప్ అంకుల్ నన్ను చూసి మీ తాతగారు బాగున్నారా అని అడిగాడు," అంది ఇషా కారెక్కి, సంచి ఒళ్లో పెట్టుకుని. "నేను ఏ తాత అన్నాను. ఇట్ వాజ్ సో వియర్డ్. నువ్వు అక్కడే పప్పు దగ్గర నిలబడి ఉన్నావు."

"బాగా చెప్పావు," అన్నాడు తాతయ్య.

గరాజ్‌లో కారు తీసేసి, కింద చెక్కలు పరిచి, గోడలో ఇటుకలు పేర్చినట్టు అతుకు మీద అతుకు పడకుండా సంచులు పేర్చాడు. చివర్లో రెండడుగులు వెనక్కి వేసి చూసుకుంటే సరిహద్దులో ఇసుక బస్తాల గోడలా ఉంది. ఒక సంచి వంటింట్లోకి వెళ్లింది. పదకొండేళ్లు ఎండా వానా ఎరగని కారు బయట వాకిట్లో నిలబడింది. అది పైన్ చెట్లు పుప్పొడి రాల్చే కాలం. రెండో రోజుకే కారు మీద వేలితో పేరు రాసేంత పసుపు పేరుకుంది. బుధవారాలు మాత్రం క్లాసుకు బయలుదేరేముందు కడిగేవాడు.

ఏప్రిల్ చివరి వారంలో డాక్టరు గారు ఫోన్ చేశాడు.

"ఈశ్వరయ్యా, మీ దగ్గర సోనా మసూరి ఒక బ్యాగ్ ఏమైనా స్పేర్ చేస్తావా? స్టోర్స్ అన్నీ తిరిగాను, ఎక్కడా లేదు. మాకేం, మేం ఏదైనా తింటాం. మా అత్తగారు ఉంది కదా. తొంభై ఒక్క ఏళ్ల మనిషి. అది తప్ప ముట్టదు."

తాతయ్య నోరు తెరిచాడు. అవునని చెప్పడానికే తెరిచాడు. కానీ పన్నెండో పేజీ అడ్డం వచ్చింది. నిల్వ ఎంతో ఎవరికీ చెప్పకూడదు. ఒకసారి ఉందని చెబితే డాక్టరు గారు ఇంకొకరికి చెబుతాడు, ఆ ఇంకొకరు ఈమెయిల్ పంపుతారు, రేపు వాకిట్లో వరస నిలబడుతుంది.

"మాకూ అడుగంటిందండీ డాక్టరు గారూ," అన్నాడు.

"అలాగా. సరేలే. ఎక్కడైనా దొరికితే చెప్పు," అని ఆయన పెట్టేశాడు.

నానమ్మ స్టవ్ దగ్గర నిలబడి అంతా వింది. ఆ పూట వడ్డించేటప్పుడు, "అడుగంటింది కదా, కాస్త చూసుకుని తినండి," అని ఆయన కంచంలో సగం గరిటె అన్నమే పెట్టింది.

మే నెల మొదటి వారంలో ఒక మధ్యాహ్నం డాక్టరు గారు తన జవాబు కోసం ఏవో అంకెలు కావాలని వచ్చాడు. ఇంట్లోకి రమ్మంటే రాకుండా వాకిట్లోనే కారు దగ్గర నిలబడిపోయాడు. కారు పైకప్పు మీద వేలితో ఒక గీత గీసి, ఆ వేలికి అంటిన పసుపు చూసుకున్నాడు.

"ఏమిటయ్యా, కారుకి నలుగు పెట్టావు? ఎప్పుడూ గరాజ్‌లోనే ఉంచేవాడివిగా?"

"ఏదో, లోపల కొంచెం పని జరుగుతోంది," అన్నాడు తాతయ్య.

అప్పుడే స్కూలు బస్సు దిగి ఇషా వచ్చింది. ఆ పిల్ల ఎప్పుడూ ముందు తలుపు వాడదు. గరాజ్ పక్కనున్న నంబర్ల పెట్టె మీద నాలుగు అంకెలు నొక్కి అటునుంచే లోపలికి పోతుంది. "హాయ్ డాక్టర్ తాతా," అంటూ వచ్చి, తాతయ్య చెయ్యెత్తేలోపే నాలుగు అంకెలూ నొక్కేసింది.

గరాజ్ తలుపు మెల్లగా పైకి లేవసాగింది. అలాంటి తలుపులతో చిక్కు ఏమిటంటే మధ్యలో ఎవరి మర్యాదా చూసుకోవు. ముందు కింది వరస కనిపించింది. తరవాత రెండోది, మూడోది, పై దాకా. ఇషా సంచులకూ గోడకూ మధ్య ఉన్న సందులోంచి అలవాటుగా పక్కకు ఒదిగి లోపలికి వెళ్లిపోయింది.

డాక్టరు గారు చాలాసేపు చూశాడు. పెదవులు కదిలాయి. లెక్కపెడుతున్నాడు.

"ఇరవై రెండా?"

"ఇరవై మూడు," అన్నాడు తాతయ్య. "ఒకటి లోపల ఉంది." లెక్క తప్పుగా ఉంటే ఎంత కష్టంలోనైనా సరిదిద్దకుండా ఉండలేని మనిషి.

"మా అత్తగారు మూడు రోజులు బ్రెడ్డు తిందయ్యా," అన్నాడు డాక్టరు గారు. గొంతు పెంచలేదు. "బియ్యం సంగతి కాదు. లేదని చెప్పావు, లేదనే నమ్మాను. పైగా పాపం నీకూ లేదే అనుకున్నాను." పసుపు అంటిన వేలు జేబురుమాలుతో తుడుచుకున్నాడు. "పద్నాలుగో తారీకు నీ పేపరు చదువు. నా జవాబుకి ఇక అంకెలు అక్కర్లేదు."

ఆయన కారు మలుపు తిరిగేదాకా తాతయ్య అక్కడే నిలబడ్డాడు. డాక్టరు గారు ఏం జవాబు చెప్పబోతున్నాడో ఆయనకు అర్థమైంది. లొరేన్ పియెర్ ఎదురుగా, పద్దెనిమిది మంది వింటుండగా, ఈ గరాజ్ తలుపు మళ్లీ లేస్తుంది. జన్మకొక్కసారి వినడానికి ఒక మనిషి దొరికింది. ఆవిడ వినబోయేది ఇదా?

సంచుల మీద కూచున్నాడు. నానమ్మ కాఫీ తెచ్చి పక్క సంచి మీద పెట్టి, తనూ ఒకదాని మీద కూచుంది.

"మనం డెబ్బైలో రాలీ వచ్చినప్పుడు ఏ బియ్యం తిన్నామో గుర్తుందా?" అంది.

"ఆ డబ్బాల్లో వచ్చేది. పొడుగు గింజది."

"ఎన్నేళ్లు తిన్నాం?"

తాతయ్య లెక్క వేశాడు. "పదకొండు, పన్నెండేళ్లు."

"మీ అబ్బాయి దాంతోనే పెరిగాడు. కాస్త నీళ్లెక్కువ పోసి, పెరుగు కలిపి పిసికితే ఎవరికీ తెలిసేది కాదు. ఇండియన్ స్టోర్ వచ్చాక ఇది మరిగాం. ఇప్పుడు ఇది లేకపోతే ప్రాణం పోతుందనుకుంటున్నాం." కాఫీ గ్లాసు ఆయన చేతికి అందించింది. "మీ దీవి వాళ్లూ ఇలాగే అయి ఉంటారు."

తాతయ్య కాఫీ తాగలేదు. అంతకు ముందు ఏడాది మినియాపొలిస్‌లో వంతెన కూలినప్పుడు మూడు రోజులు టీవీ ముందు నుంచి లేవని మనిషి ఆయన. ఉద్యోగంలో చేరిన కొత్తలో మొట్టమొదట నేర్పిన పాఠం కూడా అలాంటి వంతెనల గురించే. రెండే దూలాల మీద నిలబడిన వంతెనను చూస్తే భయపడాలి. ఆ దూలాలు ఎంత లావుగా ఉన్నా సరే, ఒకటి విరిగితే మొత్తం పోతుంది. నాలుగైదు సన్నటి దూలాలున్న వంతెనలో ఒకటి విరిగితే బరువు పక్కదాని మీదికి పాకుతుంది, వంతెన వంగుతుంది కానీ పడదు. ముప్పై ఒక్క ఏళ్లు ఊరూరా తిరిగి ఈ మాటే రాసిన మనిషి, ముప్పై ఒక్క పేజీల్లో ఒక దేశానికి ఒకే ఒక్క లావు దూలం వేసి పెట్టాడు.

మర్నాడు ఉదయం ఒక సంచి కారులో వేసుకుని డాక్టరు గారింటికి వెళ్లాడు. డాక్టరు గారు పేపరు చదువుకుంటూ తల ఎత్తలేదు. ఆయన భార్య వసంతలక్ష్మి గారు సంచి విప్పింది. చేట లేక కేకులు కాల్చే పళ్లెంలో గుప్పెడు పోసి వెలుతురులో చూసింది.

"అన్నయ్యగారూ, పురుగు పట్టింది," అంది.

డాక్టరు గారు పేపరు పక్కన పెట్టి లేచి వచ్చి చూశాడు. నల్లటి పురుగులు నాలుగు తీరిగ్గా నడుస్తున్నాయి.

"బయటివాడు రాకుండా గోడ కట్టావు. వీళ్లు లోపల పుట్టారు," అన్నాడు.

తాతయ్య తల వంచుకున్నాడు. "అత్తగారికి..."

"ఆవిడకేం," అంది వసంతలక్ష్మి గారు గొంతు తగ్గించి. "నాలుగు రోజుల నుంచి ఆ సూపర్ మార్కెట్ బియ్యమే మెత్తగా వండి పెడుతున్నా. సోనా మసూరి దొరికింది అని చెప్పా. 'ఈసారి మంచి బియ్యం తెచ్చారే' అంది. మీరు అనకండి."

డాక్టరు గారు వచ్చిన నవ్వు ఆపుకున్నాడు. అయినా తాతయ్య వెళుతుంటే గుమ్మం దాకా రాలేదు. ఆ వారం క్లాసుకు తన కారులో తనే వెళ్లాడు.

పద్నాలుగో తారీకు వచ్చింది. నానమ్మ ఇస్త్రీ చొక్కా అందిస్తూ, "ఏం చదువుతారు?" అని అడిగింది. "ఏముంది, రాసిందే," అన్నాడు తాతయ్య. ఆ మాట అన్నాక కూడా ఆయనకు నిశ్చయంగా తెలియదు. వారం రోజులుగా కొత్త పేపరు మొదలుపెట్టడం, రెండో పేరాలో చించెయ్యడం. నాలుగు వేల రిపోర్టులు రాసిన చేయి మొరాయించింది. తప్పు చేశానని రాయడానికి ఆ రిపోర్టుల్లో గడి ఉండేది కాదు మరి.

లొరేన్ పియెర్ మొదటి వరసలో కూచుంది, ఒళ్లో నోటు పుస్తకం. రెండు కుర్చీల అవతల డాక్టరు గారు. ఆయన చేతిలో నాలుగు మడతలు పెట్టిన పసుపు కాగితం ఒకటే ఉంది. కర్నల్ పరిచయం చేశాడు. తాతయ్య లేచి చదవడం మొదలుపెట్టాడు. ఆయన ఇంగ్లీషు ఇప్పటికీ కాకినాడ ఇంజనీరింగ్ కాలేజీలోనే ఉంది, కానీ అందరికీ అర్థమవుతుంది.

మొదటి మూడు పేజీల దాకా ఆవిడ రాసుకుంది. నాలుగో పేజీలో ఓడల పోలిక రాగానే కలం పక్కన పెట్టింది. మర్యాదగా వింటోంది. ఆ మర్యాద తాతయ్య ఎరిగినదే. పై ఆఫీసులో సంతకం గీకే పెద్దమనిషి మొహంలో ముప్పై ఒక్క ఏళ్లు చూశాడు. గొంతు కొంచెం పెంచి చదివాడు. పది, పదకొండు. పన్నెండో పేజీ తిప్పాడు.

"నిల్వ ఎంత ఉన్నదో మిత్రులకు సైతం తెలియనివ్వరాదు," అని చదివి ఆగాడు.

గదిలో ఎవరో దగ్గారు. తాతయ్య డాక్టరు గారి వైపు చూశాడు. పసుపు కాగితం ఇంకా మడతల్లోనే ఉంది.

"ఈ నియమాన్ని నేను స్వయంగా పరీక్షించాను," అన్నాడు తాతయ్య కాగితాలు బల్ల మీద పెట్టి. "నా గరాజ్‌లో."

అంతా చెప్పాడు. ఇరవై మూడు సంచులు, వేరే కుటుంబంలా నిలబడిన మనవరాలు, పసుపు కారు, ఫోన్లో అబద్ధం, పైకి లేచిన తలుపు, నడుస్తున్న పురుగులు. స్నేహితుడి పేరు చెప్పలేదు కానీ చూపు అటే ఉండడంతో దాచినట్టు కాలేదు. ముసలమ్మ విషయం మాత్రం చెప్పలేదు, వసంతలక్ష్మి గారు అనవద్దంది కనుక.

"నేను దొంగకు భయపడి గోడ కట్టాను. దొంగ రాలేదు. స్నేహితుడు వచ్చాడు," అన్నాడు. "పట్నంలో మా తెలుగువాళ్ల ఇళ్లు రెండు వందలు ఉంటాయి. రెండు వందల గరాజ్‌లూ నాలాగే ఆలోచించాయి. కరువు ఓడలు రాకపోవడం వల్ల కొంత వచ్చి ఉంటుంది, మిగిలినది మేమే తెచ్చుకున్నాం. అమ్మా, మీరు ఆయుధం కొనేముందు ఒక జాబితా రాయండి. ఏది లేకపోతే పది రోజుల్లో పడిపోతారో ఆ జాబితా. దానిలో ఒక్కటే ఉన్నవాటి పక్కన గుర్తు పెట్టండి. ఒకే రేవు, ఒకే పిండి మర, సముద్రం కింద ఒకే కేబులు, ఒకే పెద్ద స్నేహితుడు. మేం వంతెన కిందికి దిగినప్పుడు మొదట చూసేది అదే. నా పేపరులో నేను అది చూడలేదు. ఇక మిగతా పంతొమ్మిది పేజీలు చదవను."

కూచున్నాడు.

కర్నల్ జవాబుకు పిలిచాడు. డాక్టరు గారు లేచి, పసుపు కాగితం మడత విప్పి ఒకసారి చూసుకుని, మళ్లీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నేను చెప్పాల్సింది ఆయనే చెప్పేశాడు. నా దానికంటే కాస్త కఠినంగానే చెప్పాడు," అని కూచున్నాడు.

లొరేన్ పియెర్ కలం ఎప్పుడు తీసిందో తాతయ్య గమనించలేదు. క్లాసు అయిపోయి అందరూ కాఫీ బల్ల వైపు కదిలాక ఆవిడ కుర్చీ లాక్కుని ఆయన ఎదురుగా వచ్చి కూచుంది.

"మాకు ఎన్ని రోజుల గోధుమ పిండి ఉందో మీకు తెలుసా?"

"తెలియదు. మీరిచ్చిన కాగితాల్లో లేదు."

"ఉండదు, అది రహస్యం. కానీ రేవులో మూటలు దింపేవాళ్లందరికీ తెలుసు." గొంతు తగ్గించింది. "పదకొండు రోజులు. మా నాయనమ్మ కాలంలో గోధుమ రొట్టె క్రిస్మస్‌కే. దుంపలు తినేవాళ్లు. ఇప్పుడు దుంపలు వేసేవాళ్లు లేరు."

"పక్క దీవిలో ఎన్ని రోజులది ఉంటుంది?"

"మాకు చెప్పరు. మేమూ చెప్పం."

తాతయ్య తన పేపరులో పన్నెండో పేజీ తీసి ఆవిడ ముందుకు జరిపాడు.

"అయితే ముందు ఎవరు తలుపు తీయాలి?" అంది ఆవిడ. "మీ ఇంట్లో మనవరాలు తీసింది. మా రెండు ప్రభుత్వాలకూ అలాంటి మనవరాలు లేదు. మేం తీసి చూపిస్తే, వాళ్లు చూసి నవ్వి, తమ తలుపు బిగించుకుంటే?"

తాతయ్య ఆలోచించాడు. ముప్పై ఒక్క పేజీలు రాసినప్పుడు ప్రతి ప్రశ్నకూ ఆయన దగ్గర జవాబు ఉంది.

"నాకు తెలియదమ్మా," అన్నాడు. "మొత్తం తలుపు ఒకేసారి తీయక్కర్లేదేమో. పిండి ఒక్కటే చెప్పి చూడండి. ఫిరంగుల లెక్క తరవాత."

ఆవిడ అదీ రాసుకుంది. తెలియదన్న మాట కూడా రాసుకోవడం తాతయ్య చూశాడు.

"ఆరు వందల మంది సైనికుల్ని ఏం చేయమంటారు?"

"ఉండనివ్వండి. తుపాను వస్తే రేవు ఎవరు తెరుస్తారు? వాళ్లకి ఓడ కంటే క్రేను నేర్పడం మంచిదనుకుంటాను. కానీ క్రేన్ల గురించి నాకు తెలిసినంత సైన్యం గురించి తెలియదు, ఆ సంగతి కూడా రాసుకోండి."

గుమ్మం దగ్గర డాన్స్ క్లాసు ఆడవాళ్లు గది ఖాళీ అవుతుందా అని తొంగి చూస్తున్నారు. కర్నల్ కుర్చీలు మడవడం మొదలుపెట్టాడు. డాక్టరు గారు కాఫీ కప్పు పారేసి తాతయ్య భుజం వెనక వచ్చి నిలబడ్డాడు.

"పొద్దున్న వసంత నన్ను దింపేసి కారు తీసుకెళ్లిపోయింది," అన్నాడు తెలుగులో, ఎటో చూస్తూ. "ఇంటికి వెళదామా ఈశ్వరయ్యా?"

"ఉండండి డాక్టరు గారూ," అన్నాడు తాతయ్య తల తిప్పకుండా. "ఆవిడ ఇంకా అడుగుతోంది."